తిప్పతీగ వేరు, టీకా వేరు

సగ్గుబియ్యంతో మనం పాయసం చేస్తాం, వడియాలు పెడతాం. అది తయారయ్యే కర్రపెండలం పిండిని 1920లలో ఫ్రాన్సులో గాస్టన్ రామన్ అనే శాస్త్రజ్ఞుడు టీకామందులో కలిపి చూశాడంటే నమ్ముతారా? డిఫ్తీరియా విరుగుడు కోసం అప్పట్లో గుర్రాలకు సూదులు వేసేవారు. సూది వేసినచోట వాపు వచ్చిన గుర్రాల ఒంట్లో విరుగుడు ఎక్కువగా తయారవడం ఆయన గమనించాడు. అందుకే పిండి, రొట్టెపొడి లాంటివి కలిపాడు. పని చేశాయి. 1926లో ఇంగ్లండులో గ్లెన్నీ బృందం పటికతో అదే సాధించింది. మన పిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో ఇవాళ్టికీ ఉండేది ఆ పటిక జాతి అల్యూమినియం లవణమే.

ఇప్పుడు చూపు మళ్లీ మొక్కల మీద పడింది. చక్కెర అణువులు దండలా గుచ్చుకుంటే పాలీశాకరైడ్ అవుతుంది. కాఫీపొడిలో కలిపే చికోరీ వేరులో ఇనులిన్ అనేది అలాంటిదే. ఇనులిన్‌ను సన్నని రేణువులుగా మార్చి ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు స్పైకోజెన్ అనే కొవిడ్ టీకాలో వాడారు. 2021లో ఇరాన్ దానికి అనుమతి ఇచ్చింది. మన తిప్పతీగ పాలీశాకరైడ్‌ను కూడా ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు వేరుచేసి ఎలుకల మీద పరీక్షించారు.

ఇక్కడే నాకు భయం. మా తరిగొప్పులలో ఒక బాలింత పిల్లకు మొదటి సూదికి జ్వరమొచ్చింది. రెండోది వద్దంది వాళ్ల అత్త. "తిప్పతీగ రసం నాకిస్తున్న గద, మళ్ల సూదెందుకు బిడ్డా?" అంది నాతో. రెండున్నర నెలల పసిగుడ్డుకు!

ఆ పెద్దామెను నేను తప్పుపట్టను. 2020లో టీవీ పెడితే చాలు, కషాయం కషాయం అన్నారు. ఆ కషాయాలు కాచింది మనమే, గిన్నెలు తోమిందీ మనమే. కానీ టీకాలో కలిపే పదార్థం చేసే పని వేరు. ఏ రోగాన్ని గుర్తుపట్టాలో చూపే అంశంతో పాటే అది కండలోకి వెళ్లాలి. అక్కడి కాపలా కణాలను తట్టి లేపాలి. నోట్లో వేసుకున్న పిండి కడుపులో అరిగి చక్కెరవుతుంది. ఇనులిన్ మనకు అరగనే అరగదు, పేగులోని సూక్ష్మజీవులకు మేతవుతుంది. అసలు రోగమేదో చూపించకుండా ఉత్త తీగరసం ధనుర్వాతాన్నీ కోరింతదగ్గునూ ఎలా ఆపుతుంది?

పైగా తీగ కదా, ఏం కాదులే అనుకోవడానికీ లేదు. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 ఆసుపత్రుల డాక్టర్లు 2022లో ప్రచురించారు. 2021లో ముంబై డాక్టర్లు ఇలాగే రాస్తే ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. వాళ్ల వాదన వాళ్లది. పెద్దల మీదే ఇంత తగవు నడుస్తుంటే, చంటిపిల్ల నాలుక మీద ప్రయోగం చేయడానికి మనమెవరం?

వంటింటి వైద్యమంటే వెక్కిరించేవాళ్లంటే కూడా నాకు గిట్టదు. తిప్పతీగలో సరుకుంటే ప్రయోగశాలలో తేలనివ్వండి, కొలత తేలనివ్వండి. అప్పుడది సూదిమందులోకే వస్తుంది. అందాకా అత్తలకు నచ్చజెప్పే పని కోడళ్ల నెత్తిన వేయకుండా, సూది తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం ఎందుకొస్తుందో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో టీకా వేసే నర్సమ్మే ఆ అత్తగారిని కూడా కూచోబెట్టి చెప్పాలి.