దేవదారు పలకలు, అందని జీతాలు

విమానయాన సంస్థలు మూతపడడం కొత్తేమీ కాదు. అమెరికాలో పాన్ యామ్ 1991లో, మన దేశంలో జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగిపోయాయి. కానీ కింగ్‌ఫిషర్‌ను మనమింకా మరచిపోలేదు. 2005లో ఎగరడం మొదలుపెట్టిన ఆ విమానాల్లో సీటు సీటుకూ టీవీ ఉండేది. ప్రయాణికుణ్ణి ‘అతిథి’ అని పిలిచేవారు. యజమాని విజయ్ మాల్యా వైభవం గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. అయితే ఉన్నన్నాళ్లూ ఆ సంస్థ ఏ ఒక్క ఏడాదీ లాభం కళ్లజూడలేదు.

కారణాలు నిపుణులు చెప్పనే చెప్పారు. విదేశాలకు విమానాలు నడపాలంటే దేశంలో 5 ఏళ్లు నడిపి ఉండాలన్న నిబంధన అప్పట్లో ఉండేది. 2003లోనే మొదలైన ఎయిర్ దక్కన్‌లో 2007లో వాటా కొని, 2008లో విలీనం చేసుకుంటే ఆ అడ్డు తొలగింది. కానీ అది చవక టికెట్ల సంస్థ, ఇది విలాసాల సంస్థ. ఎద్దునూ గాడిదనూ ఒకే కాడికి కట్టొద్దన్న ధర్మశాస్త్రం (ద్వితీ 22:10) వారికెవరూ చదివి వినిపించినట్టు లేదు! అదే ఏడాది జూలైలో ముడి చమురు బారెల్ 147 డాలర్లు దాటింది. అప్పుల మీద అప్పులు పెరిగాయి.

ఇదంతా నిజమే. కాని బైబిలు అడిగే ప్రశ్న వేరు. ఉన్న డబ్బు చాలనప్పుడు ఎవరికి ముందు ఇచ్చారు? ఎవరిని ఆగమన్నారు? రొక్కమిస్తేనే ఇంధనం పోస్తామన్నాయి చమురు కంపెనీలు. వాటికి ఇవ్వక తప్పలేదు. ఉద్యోగి ఆ మాట అనలేడు గనుక అతణ్ణి ఆగమన్నారు. 2012లో నెలల తరబడి జీతాలు లేవు. జీతాల్లోంచి కోసుకున్న ఆదాయపు పన్ను సైతం ప్రభుత్వానికి పూర్తిగా జమ కాలేదు. చివరికి ఇంజినీర్లు, పైలట్లు పని ఆపేశాకే, ఆ అక్టోబరులో విమానాలు ఆగాయి. బ్యాంకులు దాదాపు 9 వేల కోట్ల రూపాయల బకాయిల కోసం కోర్టుకెక్కి, తర్వాత ఆస్తులు అమ్మించి పెద్ద మొత్తమే రాబట్టుకున్నాయి. ఉద్యోగులు మాత్రం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఈ మధ్యలో, 2015 డిసెంబరులో, యజమాని 60వ పుట్టినరోజు గోవాలో ఘనంగా జరిగింది. 2016 మార్చిలో ఆయన దేశం విడిచి వెళ్లారు.

యూదా రాజు యెహోయాకీము కాలంలోనూ దేశం మీద అప్పులాంటి భారమే ఉంది. ఫరో నెకోకు కప్పం కట్టడానికి ప్రజల నుండి వెండి బంగారాలు వసూలు చేశాడు. అదే రాజు విశాలమైన గదులతో, దేవదారు పలకలతో, ఇంగిలీకపు రంగుతో ఇల్లు కట్టించుకున్నాడు. పనివారికి మాత్రం కూలి ఇవ్వలేదు. యిర్మీయా ప్రవక్త అతణ్ణి ముఖం మీదే నిలదీశాడు (యిర్మీయా 22:13-17). ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ‘నీ తండ్రి యోషీయా కూడా అన్నపానాలు అనుభవించాడు, అయినా నీతిన్యాయాలు జరిగించాడు’ అంటాడు ప్రవక్త. అంటే భోజనబల్ల నేరం కాదు. కూలి ఎగ్గొట్టి వేసిన బల్ల నేరం.

మాల్యాను తిట్టడం తేలిక, దానికి మన అవసరం లేదు. మన సంఘాల లెక్కల పుస్తకాలు తెరిచి చూద్దామా? కొత్త స్లాబుకు సిమెంటు వ్యాపారి అరువివ్వడు, అతనికి ముందు కడతాం. సౌండు బాక్సులకు అడ్వాన్సు ఇస్తాం. పల్లెల్లో తిరిగే సువార్తికుడికి, బైబిలు ఉమన్‌కు, ఊడ్చే అమ్మకు మాత్రం ‘ఇది దేవుని పని, కాస్త ఓపిక పట్టండి’ అంటాం. పేదవాడి కూలి సూర్యుడు అస్తమించక ముందే ఇమ్మన్నాడు దేవుడు (ద్వితీ 24:15). మన కమిటీ నెలకొక్కసారి కూర్చుంటుంది.

ఒక ఏడాది మేమూ ఆవరణ గోడ పూర్తి చేయడానికి కాపలాదారు జీతం తరువాతి నెలకు జరిపాం. కమిటీలో ఎవరూ కాదనలేదు. అతడూ ఏమీ అడగలేదు. ఆ రోజు ముగింపు ప్రార్థన చేసింది మేమే.