పూస కట్టని నెయ్యి నేరం చేయలేదు

పూస కడితేనే అసలు నెయ్యి, కట్టకపోతే కల్తీ. ఇళ్లలోనూ అంగళ్లలోనూ తిరుగులేని తీర్పుగా చెల్లుతున్న మాట ఇది. ఈ తీర్పు తప్పు. నిజాయితీగా వెన్న కాచి అమ్ముకునేవాళ్లకు అన్యాయం కూడా.

నెయ్యి అంటే ఎన్నో రకాల కొవ్వుల కలయిక. ఒక్కోటి ఒక్కో వేడి దగ్గర కరుగుతుంది. వాటి పాళ్లను చాలావరకు నిర్ణయించేది పశువు తిన్న మేత. వానలు పడి పచ్చిగడ్డి దొరికితే ఒలీయిక్ ఆమ్లం పెరిగి వెన్న మెత్తబడుతుంది. ఎండుగడ్డి మీద నెట్టుకొచ్చే నెలల్లో పామిటిక్ ఆమ్లం ఎక్కువై గట్టిపడుతుంది. పత్తి గింజలు పెడితే మరింత గట్టి. పైగా కాచిన నెయ్యి నిదానంగా చల్లారితే పెద్ద పూసలు కడుతుంది. అదే నెయ్యిని ఫ్రిజ్‌లో పెడితే మైనంలా నున్నగా పేరుకుంటుంది. ఇందులో కల్తీ ఎక్కడుంది?

ఆగ్‌మార్క్ నిబంధనలు ఈ తేడాను ఏనాడో ఒప్పుకున్నాయి. నెయ్యిలో ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాలను కొలిచే రైకర్ట్ విలువ సాధారణంగా 28కి తగ్గకూడదన్నాయి. పత్తి పండే ప్రాంతాల నెయ్యికి మాత్రం చలికాలంలో 23, వేసవిలో 21 ఉన్నా చాలన్నాయి. కొలిచేవాళ్లే కాలాన్ని బట్టి కొలత మార్చుకుంటే, మనం ఏడాది పొడవునా ఒకే రూపం కోరడం ఏం న్యాయం?

మరి కల్తీని పట్టుకోవద్దా అంటారు. పట్టుకోవాల్సిందే, కానీ కంటిచూపుతో కాదు. నూనెలను గట్టిపరచి చేసే వనస్పతికి పూస కట్టించిందే నెయ్యిలా కనిపించాలని. అందుకే అందులో 5 శాతం నువ్వుల నూనె కలపాలని చట్టం పెట్టారు. ఆ వనస్పతి నెయ్యిలో కలిస్తే, నువ్వుల నూనెను పట్టే బోడోయిన్ పరీక్షలో ఎర్రరంగు తేలి మోసం బయటపడుతుంది. అరచేతిలో కరిగితే అసలుదన్న నమ్మకమూ నిలవదు. వనస్పతి కరిగే వేడికి పెట్టిన హద్దు 31 నుంచి 41 డిగ్రీలు. అంటే అదీ చేతిలో కరగవచ్చు.

పూసను నమ్ముకుంటే లాభపడేది కల్తీదారు, నష్టపోయేది చిన్న రైతు. పెద్ద డెయిరీలు వేడిని అదుపులో ఉంచే గదుల్లో నెయ్యికి ఒకే తీరున పూస కట్టించగలవు. రెండు గేదెల పాడి మీద బతికే ఇల్లాలికి ఆ వసతి లేదు. అనుమానముంటే నమూనాను ప్రయోగశాలకు పంపండి. ఈ నెలలో పశువుకు ఏం మేత పెట్టారో అడగండి. పూస లేదన్న ఒక్క కారణంతో ఆమె డబ్బాను వెనక్కి పంపకండి.