మొదటి పేజీలో నేల ఎవరిది? చివరి పేజీలో ఎవరిది?

అమెరికా పడమటి సరిహద్దు నేలల మీద రాసిన చారిత్రక ప్రేమకథలకు ఒక మూస ఉంది. తూర్పు నుంచి ఒక తెల్లవాడు గుర్రమెక్కి వస్తాడు. ఎదురుగా అంతులేని పచ్చిక మైదానం. అక్కడొక పిల్ల. ఆ పిల్ల ఇండియన్ తెగ బిడ్డ కావచ్చు, వలస వచ్చిన రైతుబిడ్డ కావచ్చు. ఇద్దరికీ మనసు కలుస్తుంది. నడుమ తుపాకులు మోగుతాయి, గుడిసెలు కాలుతాయి. చివరి పేజీలో ఒక దుంగల ఇల్లు, పొయ్యిలో మంట, ఒళ్లో బిడ్డ. పుస్తకం మూసి పాఠకులు "ఎంత గొప్ప ప్రేమ!" అంటారు. ఆ పచ్చిక మైదానం మొదట ఎవరిది, చివరికి ఆ దుంగల ఇంటి పెరడుగా ఎట్లా మారింది అని అడిగేవాళ్లు తక్కువ.

మేము అడుగుతాం. మేము ఎరుకల, సుగాలి, యానాది ఇళ్లలో పుట్టి చదువుకున్నవాళ్లం. మాకు ఆ ప్రశ్నే మొదట తడుతుంది.

"ఎక్కడి అమెరికా, ఎక్కడి పులివెందుల?" అని ఎవరైనా అనొచ్చు. అంత దూరమేమీ కాదు. మన జమ్మలమడుగు పక్కనే గండికోట ఉంది. పెన్నా నది కోసుకుపోయిన ఆ లోయను "భారతదేశపు గ్రాండ్ క్యానియన్" అని రాసి పర్యాటకుల్ని పిలుస్తున్నారు. అసలు గ్రాండ్ క్యానియన్‌లో హవసుపాయి అనే ఆదివాసులు తరతరాలుగా ఉన్నారు. 1882లో అమెరికా ప్రభుత్వం వాళ్లకు 518 ఎకరాలు మిగిల్చి తక్కినదంతా లాక్కుంది. 1919లో ఆ లోయ జాతీయ పార్కు అయింది. వాళ్లు దశాబ్దాలు కొట్లాడితే 1975లో దాదాపు 1,85,000 ఎకరాలు తిరిగి వచ్చాయి. పోలిక తెచ్చుకున్నవాళ్లు లోయను మాత్రమే తెచ్చుకున్నారు. లోయలోని మనుషుల్ని అక్కడే వదిలేశారు.

సినిమాలోనూ అంతే జరిగింది. 1971లో కృష్ణ హీరోగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో "మోసగాళ్లకు మోసగాడు" వచ్చింది. తెలుగువాళ్లు కౌబాయ్‌ని మనవాడే అనుకున్నారు. టోపీ వచ్చింది, గుర్రం వచ్చింది, నడుముకు తుపాకి వచ్చింది. ఆ కౌబాయ్ తిరిగే నేల ఎందుకంత ఖాళీగా ఉంది, దాన్ని ఖాళీ చేయించిందెవరు అన్న ప్రశ్న మాత్రం రాలేదు. ఇప్పుడు అటువంటి కథలు మన పిల్లల ఫోన్లలోకే వస్తున్నాయి. అందుకే ఈ గొడవ.

ఇట్లాంటి కథల గురించి పాఠకులు చెప్పే అభిప్రాయాల్లో మూడు మాటలు మళ్లీ మళ్లీ వినబడతాయి. వాటికి ఒక్కొక్కటిగా జవాబు చెప్తాం.

మొదటి మాట: "ప్రేమకథలో కూడా భూమి గొడవేనా?"

భూమిని ప్రేమలోకి లాగింది మేం కాదు. ఓసేజ్ తెగ చరిత్ర చూడండి. కాన్సాస్‌లో ఉన్న తమ నేల వదిలి వాళ్లు 1870ల మొదట్లో ఓక్లహోమాకు పోవాల్సి వచ్చింది. రాళ్లు తప్ప ఏముంది అనుకున్న ఆ కొత్త నేల కింద నూనె పడింది. 1906లో నేల పంచుకున్నప్పుడు, కింద ఉన్న నూనె హక్కును మాత్రం తెగ ఉమ్మడిగా ఉంచుకుని, 2,229 వాటాలుగా రాసుకుంది. ఆ వాటా కొనడానికి లేదు. వారసత్వంగా మాత్రమే వస్తుంది. అప్పుడేం జరిగింది? తెల్లవాళ్లు ఓసేజ్ ఆడబిడ్డల్ని పెళ్లాడటం మొదలుపెట్టారు. అందరూ దురాశతోనే చేసుకున్నారని మేం అనం. కానీ మాలీ బర్క్‌హార్ట్ అనే ఓసేజ్ స్త్రీ ఇంట్లో ఏమైందో అందరికీ తెలుసు. 1921లో ఆమె అక్కను కాల్చి చంపారు. 1923లో ఇంకో చెల్లెలి ఇంటిని బాంబుతో పేల్చారు. ఆ కుట్రలో మాలీ భర్త ఎర్నెస్ట్ ఉన్నాడని 1926లో కోర్టులో తేలింది. పక్కలో పడుకున్నవాడే! ఈ హత్యలు చూశాకే 1925లో అమెరికా చట్టసభ, సగం, అంతకుమించి ఓసేజ్ రక్తం ఉన్నవాళ్ల వాటా బయటివాళ్లకు వారసత్వంగా పోకుండా చట్టం చేసింది.

మన ఏజెన్సీలో ఇది తెలియని కథా? 1970 నాటి భూ బదలాయింపు నిబంధన, అందరూ 1/70 అనేది, షెడ్యూల్డు ప్రాంతంలో నేల గిరిజనేతరుల చేతికి పోకూడదంది. ఆ తలుపు మూసుకోగానే ఇంకో తలుపు తెరిచారు. గిరిజన స్త్రీని భార్యగా చూపించి ఆమె పేరు మీద నేల కొనడం, రిజర్వు సీటుకు ఆమెను నిలబెట్టి పెత్తనం తాము చేయడం ఆ ప్రాంతాల వాళ్లకు కొత్త కాదు. మన కడప జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు కాబట్టి 1/70 రక్షణ కూడా మనకు లేదు. ప్రేమను మేం తప్పు పట్టడం లేదు. కులం దాటి పెళ్లి చేసుకున్న పిల్లలకు మేం అండగానే ఉంటాం. ప్రేమ వెనకాల పట్టా కాగితం నడిచి వచ్చినప్పుడు, దాన్ని చూడొద్దనే పాఠకుణ్ణి మాత్రం తప్పు పడతాం.

రెండో మాట: "ఆ కాలం అట్లాంటిది. ఇప్పటి కొలతతో కొలవకూడదు."

ఆ కాలంలో ఎవరి కొలత? ఫెనిమోర్ కూపర్ మోహికన్లలో చివరివాడి మీద నవల రాసింది 1826లో. ఇండియన్ల కథ ముగిసిపోయిందని లోకమంతా ఆ నవల చదివి కన్నీళ్లు పెట్టుకుంది. అప్పటికే చెరోకీ తెగకు సెక్వోయా తయారుచేసిన సొంత లిపి ఉంది. రెండేళ్లకు, 1828లో, వాళ్లు సొంత పత్రిక "చెరోకీ ఫీనిక్స్" పెట్టి తమ నేల తమదేనని తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ రాశారు. 1830లో ఇండియన్లను తరలించే చట్టం వచ్చింది. చెరోకీల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని 1832లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. అయినా 1838లో సైన్యం వాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టింది. ఆ దారిలో దాదాపు 4,000 మంది చనిపోయారని లెక్క. అంటే ఆ కాలంలోనే "ఇది అన్యాయం" అని చెప్పిన నోళ్లున్నాయి, రాసిన చేతులున్నాయి. "ఆ కాలం అట్లాంటిది" అనడమంటే ఆ నోళ్లను లెక్కలోంచి తీసేయడమే. ఇంకో సంగతి: చివరివాడు పోయాడని ఏడ్చిన ఆ మోహికన్ల వారసులు ఇప్పటికీ విస్కాన్సిన్‌లో తమ తెగ ప్రభుత్వంతో బతికే ఉన్నారు.

మన కాలం సంగతి కూడా చూసుకుందాం. ఎరుకల పెద్దలు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి లోపలి మెట్ట నేలలకు తెచ్చేవాళ్లు. సుగాలీలు ఎద్దుల మందలతో సైన్యాలకు తిండిగింజలు మోశారు. తెల్లదొరల ఉప్పు పన్నులు, రైలుబండి కలిసి ఆ బతుకును దెబ్బకొట్టాయి. దారి మీద బతికేవాడికి దారి పోయాక దొంగ అన్న పేరు మిగిలింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు తీసుకున్నారు. దేశమంతటా ఆ ముద్ర చట్టం ప్రకారం పోయింది 1952 ఆగస్టు 31న.

"సెటిల్‌మెంటు" అనే మాట ఒక్కటే చాలు, ఎవరి కథ ఎటు పోతుందో తెలుస్తుంది. అమెరికా నవలలో సెటిల్‌మెంటు అంటే వీరుడు కట్టుకున్న ఊరు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాక, మన్రో దొర కాగితాల్లో సెటిల్‌మెంటు అంటే శిస్తు లెక్క. మనకు సెటిల్‌మెంటు అంటే సెలవు చీటీ లేకుండా గడప దాటలేని చోటు. ఒకే మాట. ఒకరికి ఇల్లు, ఒకరికి ఆదాయం, ఒకరికి జైలు.

మూడో మాట: "మిమ్మల్ని మంచిగానే చూపించారు కదా."

ఔను, మంచిగానే చూపిస్తారు. అమాయకులు, ప్రకృతి బిడ్డలు, మాట తప్పనివాళ్లు అంటారు. పొగడ్తే కదా అని మన పిల్లలు కూడా సంబరపడతారు. కానీ అమాయకుడు అన్న మాటకు కచేరీలో ఏమర్థం? వాడికి కాగితం తెలియదు, వాడి తరఫున ఇంకెవరో మాట్లాడాలి అని. పోకహంటస్ కథ అట్లాగే తయారైంది. 1607లో ఇంగ్లీషువాళ్లు వర్జీనియాలో దిగేనాటికి ఆమెకు పదకొండేళ్లు ఉంటాయేమో. 1613లో ఆమెను పట్టుకుని బందీగా ఉంచారు. 1614లో పొగాకు పండించే జాన్ రాల్ఫ్‌తో పెళ్లయింది. 1617లో ఇంగ్లండు గడ్డ మీద, ఇరవై దాటీ దాటకుండానే చనిపోయింది. 1995లో డిస్నీ సినిమా ఆ పసిపిల్లను వయసొచ్చిన ప్రేమికురాలిని చేసింది. చూసినవాళ్లు పాటలు బాగున్నాయన్నారు.

మన పక్కన అహోబిలం ఉంది. నరసింహస్వామి చెంచు పిల్లను వలచి పెళ్లాడిన కథ అందరికీ తెలిసిందే. ఆ కథను రెండుసార్లు, 1943లోనూ 1958లోనూ, "చెంచులక్ష్మి" పేరుతో సినిమా తీశారు. రెండుసార్లూ చెంచు పిల్ల వేషం వేసింది చెంచులు కాదు. జనం మెచ్చుకున్నారు, పాటలు పాడుకున్నారు. అదే కథను చెంచుల నోట వింటే వేరుగా ఉంటుంది. వాళ్లకు స్వామి అల్లుడు. అల్లుడంటే అత్తింటికి మర్యాద చెల్లించాల్సినవాడు. సంక్రాంతి తర్వాత పారువేటకు పల్లకీ ఊళ్ల మీదికి బయలుదేరేటప్పుడు చెంచులు దాని మీదికి బాణం వేసే ఆచారం ఉంది. అందులో భక్తి ఉంది, హక్కూ ఉంది. సినిమాలో పిల్ల అందం మిగిలింది. అత్తింటివాళ్ల హక్కు మిగల్లేదు. దేవుడు అల్లుడైన ఆ నల్లమలలోనే, అడవి చట్టాలు వచ్చాక, చెంచువాడు తేనె తీయడానికి ఇంకొకరి అనుమతి అడగాల్సి వచ్చింది.

మరి ఈ పుస్తకాలు కాల్చేయాలా? అక్కర్లేదు. పాఠకుడి అభిప్రాయానికి ఎంత బలముందో ఒక ఉదాహరణ చెప్తాం. లారా ఇంగల్స్ వైల్డర్ 1935లో పచ్చిక మైదానంలో చిన్న ఇంటి మీద ఒక పుస్తకం రాసింది. పైన చెప్పిన ఓసేజ్‌ల కాన్సాస్ నేల మీదే ఆమె తండ్రి 1869లో ఇల్లు కట్టాడు. ఆ పుస్తకం మొదట్లో, అక్కడ మనుషులే లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు అనే అర్థం వచ్చే మాట ఉండేది. లక్షల మంది చదివారు, పిల్లలకు చదివి వినిపించారు. పదిహేడేళ్లు గడిచాక, 1952లో, ఒక్క పాఠకుడి ఉత్తరం ప్రచురణకర్తలకు చేరింది: ఇండియన్లు మనుషులు కారా అని. ప్రచురణకర్తలు సిగ్గుపడ్డారు. మరుసటి ఏడు ముద్రణలో "మనుషులు" అన్న చోట "వలసదారులు" అని మార్చారు. ఒక ఉత్తరం, ఒక మాట. 2018లో అక్కడి గ్రంథాలయ సంఘం వాళ్లు తమ బాలసాహిత్య పురస్కారానికి ఆమె పేరు తీసేశారు. అంతకుముందే, 1999లో, ఓజిబ్వే తెగ రచయిత్రి లూయిజ్ ఎర్డ్రిక్ "బర్చ్‌బార్క్ హౌస్" రాసి, అదే శతాబ్దాన్ని ఒక ఆదివాసీ పిల్ల ఇంట్లోంచి చూపించింది. పుస్తకానికి జవాబు పుస్తకమే.

టీచర్ మిత్రులారా, ఇది మనం తరగతి గదిలో చేయగలిగిన పని. కథ అయిపోయాక "నీతి ఏమిటి?" అని అడగడం కొన్నాళ్లు ఆపుదాం. మూడు ప్రశ్నలు నల్లబల్ల మీద రాద్దాం. మొదటి పేజీలో నేల ఎవరిది, చివరి పేజీలో ఎవరిది? ఈ కథలో సొంత పేరు ఉన్నదెవరికి, తెగ పేరు మాత్రమే ఉన్నదెవరికి? కథ ముగిశాక ఊళ్లో మిగిలిందెవరు, ఊరు విడిచిందెవరు? ఐదో తరగతి పిల్లలు కూడా వీటికి జవాబు చెప్పగలరు. అమెరికా నవలకే కాదు, పాఠ్యపుస్తకంలో కథకు, తెర మీద సినిమాకు, ఇంట్లో బీరువాలో ఉన్న డి.కె.టి. పట్టాకు కూడా ఇవే ప్రశ్నలు పనికొస్తాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ప్రేమకథలు చదవండి. ఏడవండి, నవ్వండి. కానీ "బాగుంది" అన్న ఒక్క మాటతో ఆగొద్దు. బాగున్నది ఎవరికో కూడా రాయండి. రమేశ్ కార్తీక్ నాయక్ "ఢావ్లో" కథలు చదవండి. ఆ పుస్తకానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పలమనేరు బాలాజీ ఎరుకల కథలు "ఏకలవ్య కాలనీ" చదవండి. తండాలోనూ కాలనీలోనూ ప్రేమ ఎట్లా ఉంటుందో, దాని చుట్టూ ఆకలి, అప్పు, పోలీసు ఎట్లా తిరుగుతుంటాయో మనవాళ్ల మాటల్లోనే తెలుస్తుంది.

ఉప్పు దారుల్లో నడిచినవాళ్ల మాటలు విన్న జేజులు, అబ్బలు మన ఇళ్లలో ఇంకా కొందరున్నారు. ఆ దారిలో ప్రేమలు పుట్టలేదా? ఎద్దుల గంటల చప్పుడుకు ఎదురుచూసిన ఆడపిల్లలు లేరా? ఆ కథలు ఎవరో వచ్చి పరిశోధన చేసి రాసేదాకా ఆగితే, వాటిలో మనం మళ్లీ అమాయకులుగానే మిగిలిపోతాం. వాళ్లుండగానే అడిగి రాసుకుందాం. మన ప్రేమకథలో నేల ఎవరిదో మనమే చెబుదాం.