ఉమ్మే కదా అని ఊరుకోవద్దు

పంటి పరిశోధకులకు ఉమ్మి మీద మక్కువ పెరిగింది. సూది గుచ్చే పని లేదు, పిల్లలు ఏడవరు. కాసేపు ఏమీ తినకుండా కూర్చుని, నోట్లో ఊరిన లాలాజలాన్ని గొట్టంలోకి జారవిడిస్తే చాలు. ఐసు పెట్టెలో ల్యాబుకు చేరుతుంది. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే ఏళ్ల తరబడి నిలవుంటుంది. పిప్పిపన్ను, చిగుళ్ల జబ్బు, నోటి క్యాన్సర్ జాడలు అందులో వెతుకుతున్నారు.

ఇది మనకు అక్కర్లేని పరిశోధన కాదు. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే అలవాటు కోస్తాలో పేద ఆడవాళ్ల అంగిలిని ఎలా కాల్చిందో, 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. అలాంటివి ఇంకా రావాలి. మేము అడిగేది వేరే. ఎవరి ఉమ్మి, ఎవరి ఫ్రీజర్, ఎన్నాళ్లు?

ఆలమూరునే తీసుకుందాం. అటు రాజమండ్రి వైపు, ఇటు అమలాపురం వైపు డెంటల్ కాలేజీలున్నాయి. ఎండీఎస్ చదివేవాళ్లు థీసిస్ రాయాలి, థీసిస్‌కు శాంపిళ్లు కావాలి. రేపు ఇక్కడ ఉచిత శిబిరం పెడితే ఎవరొస్తారు? డబ్బు పెట్టి రూట్ కెనాల్ చేయించుకోగలిగినవాళ్లు రారు. కూలి మానుకుని పేటల్లోంచి మన అమ్మలు, పిన్నులు వస్తారు. పన్ను చూసిన డాక్టరుగారే గొట్టం చేతికిస్తే కాదనగలిగేది ఎందరు? కాదంటే మందులివ్వరేమోనన్న భయంతో వేసిన వేలిముద్రను సమ్మతి అనలేం.

ఉమ్మి మనకు ఊరికే ఉమ్మి కాదు. పీష్వాల ఏలుబడిలో పూనాలో అంటరానివాడు మెడలో ముంత కట్టుకుని, అందులోనే ఉమ్మాలన్న నియమం గురించి ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ రాశారు. నేల మీద పడితే మైల! టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతి వెనకున్నదీ ఈ ఎంగిలి లెక్కే. అదే ఉమ్మిని ఇప్పుడు చేతొడుగులు వేసుకుని మరీ జాగ్రత్తగా తీసుకుంటామంటున్నారు. కానీ ముంతకైనా గొట్టానికైనా నియమాలు రాసే చోట మనం ఉన్నామా?

ఉమ్మిలో బుగ్గ లోపలి కణాలుంటాయి. ఆ కణాల్లో డీఎన్ఏ ఉంటుంది. పంటి కోసం తీసిన గొట్టంలో మనిషి వంశమంతా ఉంటుందన్నమాట. ఫారంలో కులం గడి కూడా ఉంటే ఇక చెప్పేదేముంది. ఆంధ్ర కులాల మీద 2001లో వచ్చిన జన్యు అధ్యయనంలో మాల, మాదిగ, రెల్లి నమూనాలున్నాయి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగమైన 2009 అధ్యయనంలోనూ మాల, మాదిగలున్నారు. వాటిలో సమ్మతి సరిగా తీసుకోలేదని మేము అనడం లేదు. కులం పేరు, డీఎన్ఏ ఒకచోట చేరితే అది పంటి కథగా ఆగిపోదని మాత్రం అంటున్నాం.

అమెరికాలో ఆగలేదు కూడా. ఆరిజోనా హవాసుపాయి ఆదివాసులు మధుమేహం కోసమని ఇచ్చిన రక్తాన్ని స్కిజోఫ్రీనియా మీద, తమ పూర్వీకుల వలసల మీద పరిశోధనకు వాడారని తెలిసి కోర్టుకెళ్లారు. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లిచ్చి, మిగిలిన రక్తాన్ని తిరిగి అప్పగించింది.

మన దగ్గర? 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో హాస్టల్ ఆడపిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటరీ కమిటీ 2013లో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. పిల్లలు మనవాళ్లు, ఆదివాసులు. సంతకం హాస్టలుది. ఉమ్మి విషయంలో ఇది ఇంకా తేలిక, ఎందుకంటే సూది కూడా లేదు కాబట్టి ఎవరూ అడగరు.

చట్టం ఆదుకుంటుందా అంటే, 2019 డేటా బిల్లు జన్యు సమాచారాన్నీ కులాన్నీ సున్నితమైన సమాచారంగా లెక్కకట్టింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ విభాగమే ఎగిరిపోయింది. పరిశోధనకు మినహాయింపు మాత్రం మిగిలింది. కాస్త మేలైనవి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు. నమూనా యజమాని ఇచ్చిన మనిషేనని, ల్యాబు కాపలాదారేనని, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవచ్చని అవి చెబుతాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పేరు, గుర్తు పూర్తిగా చెరిపేశాక ఏ గొట్టం ఎవరిదో తెలియదు, వెనక్కి అడగడం కుదరదు. గోప్యత కోసమని చేసే పనే హక్కును తీసేస్తుంది. కాబట్టి అడగాల్సింది గొట్టంలో ఉమ్మకముందే.

పేటల్లో పనిచేసే విద్యార్థి మిత్రులు శిబిరం రోజున అక్కడ ఉండాలి. ఫారం తెలుగులో చదివి వినిపించమనండి. ఈ ఒక్క పరిశోధనకేనా, నిలవ చేసి మరోదానికీ వాడతారా అన్నది విడివిడిగా రాయించండి. చదువురానివారి పక్కన కాలేజీకి సంబంధం లేని సాక్షి ఉండాలి. ఒక ప్రతి మనకివ్వాలి. దాని మీద ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు లేకపోతే గొట్టం తిరిగి ఇచ్చేయొచ్చు. ఇచ్చేసినా పన్ను చూడాల్సిందే.