నులిపురుగు పిండం - బొగ్గుగనుల మట్టి

వ్యవసాయ విద్యలో నులిపురుగు అనగానే వేరుబుడిపెలే గుర్తుకు వస్తాయి. టమాట, వంగ, వరి వేళ్లను పీడించే కొన్ని జాతుల మూలంగా వర్గం మొత్తానికి శత్రువన్న ముద్ర పడింది. కుళ్లిన పండ్లలో, కంపోస్టులో బాక్టీరియాను తిని బ్రతికే కీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ పంటజోలికి పోదు. మిల్లీమీటరు పొడవుండే ఈ జీవి పారదర్శకం కనుక, దాని పిండపు తొలి విభజనను సూక్ష్మదర్శినిలో ప్రత్యక్షంగా చూడవచ్చు.

ఆ విభజన సమానంగా జరగదు. శుక్రకణం ప్రవేశించిన కొన సాధారణంగా వెనుకభాగమవుతుంది. అది తెచ్చిన సెంట్రోసోము సమీపాన, కణపు పైపొరలోని ఆక్టిన్-మయోసిన్ జాలం బిగువు సడలి ముందువైపుకు జరుగుతుంది. ఆ ప్రవాహంలో పార్-3, పార్-6, పీకేసీ-3 ప్రోటీన్లు ముందు సగానికి చేరుతాయి. ఖాళీ అయిన వెనుక సగాన్ని పార్-1, పార్-2 ఆక్రమిస్తాయి. రెండు జట్లూ ఒకదానినొకటి పొరనుండి తరుముతూ సరిహద్దును నిలుపుతాయి. ప్రధానంగా ఉన్న ప్రోటీన్ల స్థానం మారినందువలననే ఏబీ అనే పెద్ద కణం, పీ1 అనే చిన్న కణం ఏర్పడతాయి. బీజకణాలు పీ1 సంతతినుండే వస్తాయి. పార్ జన్యువులను 1988లో కెన్నెత్ కెమ్ఫ్యూస్ బృందం వెల్లడించింది. వాటి బంధువులు మనిషిలోనూ ఉన్నాయి.

రామగుండం, గోదావరిఖని ప్రాంతానికి ఈ పాఠం పనికిరానిది కాదు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల ఓబీ దిబ్బలను పచ్చబరచేటప్పుడు, విద్యుత్కేంద్రపు బూడిదను పొలానికి తోలుకొమ్మని రైతుకు సలహా ఇచ్చేటప్పుడు ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం వంటి అంకెలు అవసరమే. కాని ఆ మట్టిలో ఒక జీవి సంతతి నిలుస్తుందా అన్నది అవి చెప్పవు. ఈ పురుగు పెరుగుదల, సంతానోత్పత్తి ఆధారంగా మట్టిని పరీక్షించే ఐఎస్ఓ 10872 ప్రమాణం 2010లోనే వెలువడింది. దానికి తొలి విభజన పరిశీలనను జోడించడం ఉచితం. సంతతి తగ్గిందని లెక్క చెబుతుంది. లోపం పిండపు తొలి అడుగులోనే ఉన్నదా, తరువాత వచ్చినదా అన్నది పిండాన్ని చూస్తేనే తెలుస్తుంది.

ఒక చిక్కున్నది. గుడ్డుపెంకు చాలా రసాయనాలను లోనికి రానీయదు. కాబట్టి గుడ్లను బూడిద ద్రావణంలో ముంచి, మార్పు కనబడలేదని తీర్పు చెప్పరాదు. తల్లిపురుగును ఆ మట్టిలోనే పెంచి, దాని గర్భంలోని గుడ్లను చూడాలి. 20 డిగ్రీల వద్ద దాని జీవితచక్రం మూడు నాలుగు రోజులే గనుక జగిత్యాల పొలాసలోని పరిశోధనా స్థానం వంటి చోట ఇది భారం కాబోదు. అయితే 25 డిగ్రీలు దాటితే దాని సంతానం పడిపోతుంది. చల్లని ఇంక్యుబేటరు లేకుండా మే నెలలో తేలిన ఫలితాన్ని బూడిదకు అంటగట్టరాదు.