పొలం కాపలాకు ఒక తుపాకీ

కర్ణాటకలోని కొడగు జిల్లాలో పుత్తరి పండుగ నాడు కొత్త వరి తొలి కంకి కోయగానే గాల్లోకి తుపాకీ పేలుస్తారు. ఆచారం ప్రకారం మగబిడ్డ పుడితే ఒక గుండు, ఇంట్లో ఎవరైనా పోతే రెండు. సెప్టెంబరులో వచ్చే కైల్‌పోళ్దు పండుగ నాడు తుపాకులకు పూలు పెట్టి పూజ చేస్తారు. ఆ తర్వాత చెట్టు మీద కట్టిన కొబ్బరికాయకు గురిపెట్టే పోటీలు. వాటిలో ఆడవాళ్లూ తుపాకీ పడతారు.

కొడగు మూలవాసులైన కొడవ జాతివారికి, అక్కడ వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూముల హక్కుదార్లకు తుపాకీ లైసెన్సు అక్కర్లేదు. 1861లో బ్రిటిష్ కమిషనర్ మార్క్ కబ్బన్ ఇచ్చిన ఈ మినహాయింపు స్వాతంత్ర్యం వచ్చాకా నిలిచింది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. దీన్ని సవాలు చేసిన పిటిషన్‌ను 2021లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. ఒక జిల్లా వాళ్లకున్న వెసులుబాటు పక్క జిల్లా రైతుకెందుకు లేదన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. అయితే ఆ మినహాయింపుకూ హద్దుంది. జిల్లా దాటితే రైఫిలు ఒక్కటే, దానికి తూటాలు 100కు మించకూడదు.

ఉత్తరాది పెళ్లి ఊరేగింపుల్లో పేలే తుపాకీ కథ వేరు. అక్కడ గురి ఉండదు, కొన్నిసార్లు చేతికి నిలకడా ఉండదు. మేడ మీద నిలబడి వేడుక చూస్తున్న పిల్లకో, బాజా వాయించేవాడికో తూటా తగిలిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఇలా ప్రాణాపాయం కలిగేలా పేల్చేవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించింది. ఒకరి పేరు మీద ఉండగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. మంచి పనే. పెళ్లికి తుపాకీ అవసరమే లేదు.

అవసరం ఉన్నది పొలంలో. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట కాపలాకు నిజంగా కావలసినవారికి గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలనే చెబుతుంది. అది చాలదని అధికారికి తోస్తే మెరుగైన తుపాకీకీ అనుమతించవచ్చు. అయితే పంట మీద పడే అడవి పంది రక్షిత జంతువు, చంపాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి వేరే కావాలి. నిజానికి పంట తుపాకీ పని చాలామటుకు చప్పుడు చేసి గుంపును బెదరగొట్టడమే.

మన తెలుగు పల్లెల్లో ఆ చప్పుడు కోసం రైతు పడే పాట్లు చూడండి. వేరుశనగ, మొక్కజొన్న చేతికొచ్చే వేళ రాత్రంతా మంచె మీద డబ్బా కొడతాడు, టపాసులు కాలుస్తాడు. పందులు నాలుగు రోజులకే వాటికి అలవాటు పడిపోతాయి. చివరికి కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగకు పంది పడకపోగా పక్క చేనుకు నీళ్లు పెట్టడానికి చీకట్లో వచ్చినవాడు పడిపోతున్నాడు. పశువులు పోతున్నాయి, ఒక్కోసారి తీగ కట్టిన రైతే పోతున్నాడు. తుపాకీ ప్రమాదకరమని వెనకాడే మనం, లెక్కాపత్రం లేని ఈ తీగ అంతకన్నా ప్రమాదమని గుర్తించడం లేదు. తుపాకీకి లైసెన్సు ఉంది, కొన్న తూటాలకు లెక్క ఉంది, 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం భద్రతా శిక్షణ ఉంది. తీగకు ఇవేవీ లేవు.

ఊరందరి చేతా తుపాకీ పట్టించమని కాదు. అడవి అంచు గ్రామాల్లో నమ్మకస్తులైన కొద్దిమందికి శిక్షణతో, లెక్కకట్టిన తూటాలతో లైసెన్సులిచ్చి, వారితోనే ఊరి పొలాలకు కాపలా ఏర్పాటు చేయవచ్చు. ఎన్నికలప్పుడు తుపాకులను పోలీసు స్టేషన్లో అప్పగించమనేటప్పుడు, ఎవరు అప్పగించాలో తేల్చే జిల్లా స్క్రీనింగ్ కమిటీలు కోత కాలాన్నీ పట్టించుకోవాలి. హోదా కోసం నడుముకు పిస్తోలు కావాలనే దరఖాస్తులను పక్కనపెట్టి, అడవి అంచున చేను చేసుకునే రైతు అర్జీని కలెక్టర్లు ముందు చదవాలని కోరుతున్నాం. బీరువాలో తాతల నాటి తుపాకీని ఊరికే ఉంచుకున్నవారు దాన్ని చట్టప్రకారం అప్పగించడం మేలు.