సున్నం పూస్తే నిజం దాగదు!

గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పారు. గోడలకు నోరు కూడా ఉంటుందని మేం అంటున్నాం. పత్రిక లేనోడికి, చానెల్ లేనోడికి, అసెంబ్లీలో మైకు దొరకనోడికి గోడే పత్రిక, గోడే మైకు. అందుకే ఏ దేశంలోనైనా ఏలేటోళ్ల కంట్లో మొదట నలుసయ్యేది గోడ మీది రాతే.

'గోడ రాతలు నగరానికి మచ్చ. వాటిని తుడిచి పూలు, పిట్టలు గీస్తే ఎంత ముద్దుగుంటుంది' అని కొందరు పెద్దమనుషులు నీతులు చెబుతున్నారు. పూల మీద, పిట్టల మీద మాకేం కోపం లేదు. కానీ పువ్వు కింద ఏం రాసి ఉండె? దాన్ని తుడవమని ఎవరు చెప్పారు? గల్లీవాళ్లను ఒక్క మాటైనా అడిగారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా సుందరీకరణ ముచ్చట చెబితే మేం వినం. ఎందుకు వినమో తెలియాలంటే ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్, డెర్రీ గోడల సంగతి తెలుసుకోవాలి.

ఒకరిది సంబురం, ఇంకొకరిది నేరం

1690లో బోయిన్ నది ఒడ్డున ప్రొటెస్టెంట్ రాజు విలియం కాథలిక్ రాజు జేమ్స్‌ను ఓడించాడు. ఆ గెలుపును ప్రొటెస్టెంట్లు ఏటా జూలై 12న పండుగ చేసుకుంటారు. 1908 నుంచే తెల్లగుర్రం మీద విలియం రాజు బొమ్మలు బెల్‌ఫాస్ట్ గోడలకు ఎక్కాయి. 1921లో ఐర్లాండ్‌ను చీల్చి 6 జిల్లాలను బ్రిటన్ కింద ఉంచారు. ఆ 6 జిల్లాల్లో రాజ్యం ఒక వర్గం చేతికే పోయింది. దాంతో వాళ్ల బొమ్మలు అధికారిక సంబురమయ్యాయి.

మరి కాథలిక్కుల సంగతేంది? 1954లో జెండాలు, చిహ్నాల చట్టం తెచ్చారు. శాంతిభద్రతల పేరు చెప్పి ఐరిష్ మూడు రంగుల జెండాను పీకేసే అధికారం పోలీసులకు ఇచ్చారు. బ్రిటిష్ జెండాను మాత్రం ముట్టుకోవద్దన్నారు. ఒకే ఊరు, ఒకే ఇటుక, ఒకే సున్నం. ఒకడి గోడ మీద ఉంటే సంస్కృతి, ఇంకొకడి గోడ మీద ఉంటే నేరం!

ఈ ముచ్చట వింటుంటే మనకు మన గోడలు యాదికి రావడం లేదా? సినిమా పోస్టర్లు, సిమెంటు ప్రకటనలు, కోచింగ్ సెంటర్ల ర్యాంకులతో హైదరాబాద్ గోడలన్నీ నిండిపోతే నగరం ఖరాబు కాలేదు. మనం రాత్రిపూట జాజు డబ్బా పట్టుకుని 'జై తెలంగాణ' అని రాస్తే మాత్రం తెల్లారేసరికి నగరం పాడైపోయింది.

1969 జనవరి: అక్కడా, ఇక్కడా

డెర్రీ నగరానికి రెండు పేర్లు. కాథలిక్కులకు డెర్రీ, ప్రొటెస్టెంట్ పాలకులకు లండన్‌డెర్రీ. నగరంలో కాథలిక్కులే ఎక్కువ, కానీ వార్డులను కొలిచి, కోసి, మునిసిపాలిటీని అవతలి వర్గం చేతిలో పెట్టారు. కాథలిక్కులకు ఇండ్లు దొరకలేదు, కొలువులు దొరకలేదు. స్థానిక ఎన్నికల్లో ఓటు కూడా ఇంటి లెక్క మీదనే. ఇండ్లు, కొలువులు, ఓటు అడుగుతూ 1968 అక్టోబర్ 5న జనం నడిస్తే పోలీసులు లాఠీలతో కొట్టారు. 1969 జనవరి మొదటి వారంలో కాథలిక్కుల బస్తీ బాగ్‌సైడ్ మీద పోలీసులు రాత్రిపూట దాడి చేశారు. ఆ దెబ్బకు జవాబుగా ఒక ఇంటి పక్కగోడ మీద అక్షరాలు వెలిశాయి. 'మీరిప్పుడు స్వేచ్ఛా డెర్రీలో అడుగుపెడుతున్నారు' అని దాని అర్థం.

అదే 1969 జనవరిలో ఇక్కడ ఏం జరిగింది? కొత్తగూడెంలో అంటుకున్న నిప్పు ఉస్మానియాకు పాకింది. ముల్కీ రక్షణలు ఏమయ్యాయని, 1956 పెద్దమనుషుల ఒప్పందం ఎటు పోయిందని మన పిల్లలు రోడ్డెక్కారు. ఏడువేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఇద్దరికీ ఒకరి ముచ్చట ఒకరికి తెల్వదు. అయినా అడిగింది ఒకటే: మా ఊళ్లో మా కొలువు మాకేదీ?

డెర్రీలో ఆ ఇంటిని, ఆ వరుసలోని ఇండ్లను తర్వాత కూల్చేశారు. ఆ ఒక్క గోడను మాత్రం జనం కూలనియ్యలేదు. ఇల్లు లేదు, కప్పు లేదు. నడివీధిలో గోడ ఒక్కటే నిలబడి ఉంది. నేటికీ దానికి రంగులు వేస్తూనే ఉన్నారు.

కుంచెను తుపాకీ అన్నారు

1980లో బెల్‌ఫాస్ట్‌లో 16 ఏళ్ల పిల్లగాడు రాత్రిపూట గోడ మీద నినాదం రాస్తుంటే పోలీసు కాల్చి చంపాడు. చేతిలో ఉన్నది తుపాకీ అనుకున్నానని కోర్టులో చెప్పాడు. అది రంగు కుంచె. కోర్టు ఆ పోలీసును నిర్దోషి అని వదిలేసింది. గోడ రాతను మచ్చ అనేటోళ్లు ఈ సంగతి చదవాలి. రాత ఉత్త మచ్చే అయితే రాసేటోడి మీదికి తూటా ఎందుకు పోయింది?

మరుసటి ఏడే, 1981లో, రాజకీయ ఖైదీల హోదా కోసం జైల్లో నిరాహారదీక్షలు మొదలయ్యాయి. బాబీ శాండ్స్ జైల్లో ఉండగానే ఏప్రిల్‌లో ఎంపీగా గెలిచాడు. 66 రోజుల దీక్ష తర్వాత మే 5న ప్రాణం విడిచాడు. ఒకరి వెనుక ఒకరుగా 10 మంది పోయారు. ఆ ఏడు కాథలిక్ బస్తీల గోడలన్నీ మాట్లాడాయి. సైనికులు ఆ బొమ్మల మీద రంగు విసిరి పాడుచేస్తే బస్తీవాళ్లు మళ్లీ గీశారు. ఫాల్స్ రోడ్డులో శాండ్స్ బొమ్మ నేటికీ నవ్వుతూనే ఉంది.

గోడ ఇచ్చిన సాక్ష్యం

1972 జనవరి 30న డెర్రీలో ఊరేగింపు మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది. ఆ రోజే 13 మంది చనిపోయారు, తర్వాత ఇంకొకరు. కొద్ది వారాల్లోనే సర్కారు విచారణ ముగిసింది. సైనికులది పెద్ద తప్పేం కాదన్నట్టు తేల్చి, చచ్చినోళ్ల మీదే అనుమానం పెట్టింది. సర్కారు కాగితం అట్లా అబద్ధమాడితే గోడ నిజం పట్టుకుని నిలబడింది. బాగ్‌సైడ్‌కే చెందిన ముగ్గురు చిత్రకారులు వీధివాళ్లు ఇచ్చిన చందాలతో 1994 నుంచి ఒక్కో గోడకు ఒక్కో బొమ్మ వేస్తూ వచ్చారు. కాల్పుల్లో పడ్డ యువకుణ్ని మోసుకొస్తుంటే ముందు తెల్లరుమాలు ఊపుతూ నడిచిన పాదిరి బొమ్మ 1997లో గోడకెక్కింది. చివరికి 2010 జూన్ 15న సావిల్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. చనిపోయినవాళ్లు అమాయకులేనని తేల్చింది. బ్రిటన్ ప్రధాని కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 38 ఏళ్లు! శిక్ష పడ్డ సైనికుడు నేటికీ ఒక్కడూ లేడు. ఆ బొమ్మలను సుందరీకరణ పేరుతో తుడిచి ఉంటే సాక్ష్యం ఎవరిచ్చేది?

తుపాకీ గోడలకు మేం మొక్కం

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. బెల్‌ఫాస్ట్ గోడల్లో అన్నీ పుణ్యగోడలు కావు. ముసుగు కట్టుకుని తుపాకీ ఎక్కుపెట్టినోళ్ల బొమ్మలు రెండు వైపులా వెలిశాయి. ఫుట్‌పాత్ అంచుకు ఒక వైపు ఎరుపు, తెలుపు, నీలం. ఇంకొక వైపు ఆకుపచ్చ, తెలుపు, నారింజ. ఈ రంగు దాటి వస్తే ప్రాణం దక్కదనే బెదిరింపు అది. 1998 ఏప్రిల్ 10న ఒప్పందం కుదిరేనాటికి 3,500 మంది దాకా ప్రాణాలు పోయాయి. అట్లాంటి గోడ జనం నోరు కాదు, జనం గొంతు మీది కత్తి. దానికి మేం మొక్కం. తెలంగాణ గోడ అట్లాంటిది ఎన్నడూ రాయలేదు. అది తన నీళ్లు, తన నిధులు, తన కొలువులు అడిగింది.

మరి తుపాకీ బొమ్మలను పోగొట్టేదెట్లా? జవాబు 2006లో రెండు తీర్లుగా దొరికింది.

మొదటిది సర్కారు తీరు. ఉత్తర ఐర్లాండ్ ఆర్ట్స్ కౌన్సిల్ ఆ ఏడు లక్షల పౌండ్లతో పథకం పెట్టింది. తుపాకీ బొమ్మల జాగాలో ఫుట్‌బాల్ వీరులను, రచయితలను, ఓడలను గీయించింది. వీధివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిన చోట మంచే జరిగింది, కాదనం. రెండోది బాగ్‌సైడ్ తీరు. 1971లో తూటాకు బలైన 14 ఏళ్ల బడిపిల్ల బొమ్మ అక్కడ ఒక గోడ మీద ఉంది. ఆమె తల మీద సీతాకోకచిలుకకు రంగు వేయకుండా గీత గీసి వదిలేశారు. పక్కన తుపాకీ. శాంతి వస్తుందన్న నమ్మకం కుదిరినంక, 2006లో, చిలుకకు రంగులు నింపారు, తుపాకీని విరిచేశారు. ఆ పని చేసింది ఏ కాంట్రాక్టరూ కాదు. మొదట గీసిన చేతులే. ఎప్పుడు మార్చాలో, ఏం మార్చాలో గోడ సొంతదారులే తేల్చుకున్నారు.

ఇంకొక సంగతి. బొమ్మలు మార్చిన సర్కారు అసలు గోడలను మార్చిందా? కాథలిక్ ఫాల్స్‌కు, ప్రొటెస్టెంట్ షాంకిల్‌కు మధ్య 1969లో లేచిన అడ్డుగోడలను 'శాంతిగోడలు' అంటారు. వాటి గేట్లకు రాత్రి తాళాలు పడతాయి. 2023 కల్లా అన్నీ తీసేస్తామని 2013లో మాటిచ్చారు. గడువు దాటింది, గోడలు దాటలేదు. టూరిస్టులు వచ్చి వాటి మీద సంతకాలు చేసిపోతున్నారు. రంగు మార్చడం సులువు, గోడ కూల్చడం కష్టం. ఏలేటోళ్లు ఎప్పుడూ సులువైన పనే చేస్తారు!

మన గోడల సంగతి

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. గోడ రాసిన చేతుల్లో కొన్ని కుర్చీ ఎక్కాయి, ఎక్కువ చేతులు నోటిఫికేషన్ల కోసం దరఖాస్తులు రాస్తూ మిగిలాయి. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున మెరిసే ఉక్కుతో అమరుల స్మారకం తెరిచారు. మంచిదే. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో తెలంగాణ తల్లి కొత్త విగ్రహం నిలబెట్టారు. పాత రూపమా, కొత్త రూపమా అని పార్టీలు తన్నుకున్నాయి. తల్లి ఎట్లుండాలో బిడ్డలను అడిగిందెవరు? ఒకరు వచ్చి ఒక రంగు పూస్తారు, ఇంకొకరు వచ్చి ఇంకో రంగు పూస్తారు. గల్లీలో నిలబడ్డ మనం మాత్రం ప్రతిసారీ చూసేటోళ్లమేనా?

మేం అడిగేవి మూడే. ఊళ్లల్లో, హాస్టళ్లల్లో, ఆఫీసుల ప్రహరీల మీద మిగిలిన ఉద్యమ రాతలను తుడవకముందే ఫొటో తీసి, ఊరి పేరుతో, ఏడుతో సహా భద్రపరచాలి. అమరుని ఊళ్లో ఏ గోడ మీద ఏ బొమ్మ ఉండాలో ఆ ఊరే తేల్చాలి, పార్టీ ఆఫీసు కాదు. సర్కారు పైసలతో వేసే ఏ బొమ్మకైనా ముందు గల్లీ సభ పెట్టాలి.

సర్కారు చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. విద్యార్థులారా, మీ హాస్టల్ వెనక గోడ చూడండి. ఉద్యోగులారా, 2011లో 42 రోజుల సకలజనుల సమ్మెనాడు మీ ఆఫీసు ప్రహరీ మీద ఏం రాశారో యాది చేసుకోండి. ఇప్పుడు అందరి జేబుల్లో కెమెరా ఉంది. ఈ ఆదివారం బయలుదేరండి. సున్నం డబ్బా వచ్చేలోపే మన రాతను మనం కాపాడుకుందాం.

డెర్రీలో ఇల్లు పోయినా గోడ నిలిచింది. మనకు ఇల్లు వచ్చింది. గోడను పోగొట్టుకోవద్దు.